మిక్సీ అడుగున చరిత్ర

పాత మిక్సీ చేతికొస్తే నేను ముందు దాన్ని తిరగేస్తాను. రంగు, ఆకారం, ముందువైపు మెరిసే పేరు, అవన్నీ తర్వాత. అడుగునో వెనకాలో చిన్న రేకు ప్లేటు ఉంటుంది. కంపెనీ పేరు, ఊరు, వోల్టులు, వాట్లు, ఆపకుండా ఎంతసేపు ఆడించొచ్చో, సీరియల్ నంబరు, ఇవన్నీ దాని మీదే. తయారైన సంవత్సరం మాత్రం చాలాసార్లు ఉండదు. దాన్ని మనమే తేల్చుకోవాలి. పాత మిక్సీలు పోగెయ్యడంలో ఉన్న సరదా అదే.

"మిక్సీలు కూడా పోగేస్తారా?" అని నవ్వేవాళ్లున్నారు. అమెరికాలో ఎప్పట్నుంచో పోగేస్తున్నారు. 1919లో హోబార్ట్ వాళ్లు ఇళ్ల కోసం తెచ్చిన కిచెన్‌ఎయిడ్ హెచ్-5, 1930లో వచ్చిన సన్‌బీమ్ మిక్స్‌మాస్టర్ లాంటివాటిని అపురూపంగా చూసుకుంటారు. వాటి పని కేకు పిండి కలపడం, తెల్లసొన గిలకొట్టడం. అవి పేరుకు తగ్గ మిక్సర్లు. మన మిక్సీ కలపడం తక్కువ, రుబ్బడం ఎక్కువ. పేరు మిక్సర్‌ది, పని రుబ్బురోలుది.

ఈ తేడా దగ్గరే మన మిక్సీ చరిత్ర మొదలవుతుంది. 1960ల మొదట్లో బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు సీమెన్స్‌లో పని చేసేవాడు. ఇంట్లో ఆయన భార్య మాధురి వాడే జర్మన్ మిక్సర్ మోటారు కాలిపోయింది. ఇక్కడ దాన్ని బాగుచేసే దిక్కు లేదు. బాగుచేసినా అది మన వంటకి తట్టుకునే రకం కాదు. పళ్లరసానికి సరిపోయే మోటారుకి ఎండు పసుపుకొమ్మో, నానిన మినప్పప్పో వేస్తే ఏమవుతుంది? అందుకని మాథుర్ మన వంటింటి బరువుకి తగ్గ యంత్రాన్ని తయారుచేశాడు. అదే సుమీత్. మంచి నేస్తం అని అర్థం. చాలా ఏళ్లు ఉత్తరాదిలోనూ దక్షిణాదిలోనూ మిక్సీ అంటే సుమీత్ అన్నట్టే ఉండేది.

లోపల ఉండేది యూనివర్సల్ మోటారు. రెండు కార్బన్ బ్రష్‌లు, మధ్యలో ఆర్మేచర్. ఖాళీగా తిప్పితే నిమిషానికి 18,000 చుట్ల పైచిలుకు తిరుగుతుంది. అందుకే అంత గోల. ఆ వేగానికి తొందరగా వేడెక్కుతుంది కాబట్టే ఐదు నిమిషాలు ఆడించి రెండు నిమిషాలు ఆపమని రాస్తారు. అడుగున ఉండే ఎర్ర బటన్ కూడా అందుకే. బరువు ఎక్కువైతే కరెంటు ఆపేస్తుంది, చల్లారాక దాన్ని నొక్కితే మళ్లీ తిరుగుతుంది.

సరే, వయసు ఎలా కనిపెట్టాలి? నాకు పనికొచ్చే ఆనవాళ్లు చెప్తాను. పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. ప్లేటు మీదో గ్యారంటీ కార్డు మీదో చిరునామాలో 400తోనో 600తోనో మొదలయ్యే ఆరంకెలుంటే అది ఆ తర్వాతదే. బొంబాయి 1995లో ముంబై అయింది, మద్రాసు 1996లో చెన్నై అయింది. మద్రాసు అని ఉండి పిన్‌కోడ్ కూడా ఉంటే దాదాపు పాతికేళ్ల మధ్యలో ఇరికించేయొచ్చు. ప్రీతి కంపెనీ మద్రాసులో 1978లో మొదలైంది. కాబట్టి ఎవరైనా "ఇది డెబ్బై అయిదు నాటి ప్రీతి సార్" అంటే బేరం అక్కడితో ఆపేయొచ్చు. ఐఎస్‌ఐ ముద్రని మాత్రం వయసుకి నమ్ముకోకండి. ఆ సంస్థ 1987లో బీఐఎస్‌గా మారినా ముద్ర అలాగే కొనసాగింది. ముద్ర పైన 4250 అని ఉంటే అది మిక్సీల ప్రమాణం సంఖ్య, మోడల్ నంబరు కాదు.

110 వోల్టులు అని ఉన్న ప్లేటు దొరికితే దాని కథ వేరు. అది అమెరికా కోసం చేసింది. ఇడ్లీపిండికీ కొబ్బరి పచ్చడికీ అక్కడి బ్లెండర్లతో వేగలేక మనవాళ్లు వెతుక్కుని కొనుక్కున్న రకం. ఎర్రగడ్డ ఆదివారం సంతలో అలాంటిది కనబడితే తెలియక ఇంట్లో ప్లగ్గులో పెట్టకండి. మన 230 వోల్టులకి మోటారు మాడిపోతుంది.

ఇంతవరకూ తేలికే. చిక్కంతా ఆ తర్వాత. ముప్ఫై ఏళ్లు పనిచేసిన మిక్సీలో ఏది అసలుది? జార్ కింద బుష్ అరిగి నీళ్లు కారితే మార్చారు. కప్లర్ పళ్లు పోతే మార్చారు. బ్లేడు సాన పట్టించారు, తర్వాత కొత్తది వేయించారు. ఆర్మేచర్ కాలితే వైండింగ్ చేయించారు. మూత ఇంకో కంపెనీది. ఇలాంటిది ఒరిజినల్ కాదని కొందరు పక్కన పెట్టేస్తారు. నేను అదే తెచ్చుకుంటాను. డబ్బాలోంచి తియ్యని మిక్సీ షాపు చరిత్రే చెప్తుంది. మరమ్మతులు ఇంటి చరిత్ర చెప్తాయి. చిన్న జార్ బుష్ నాలుగుసార్లు మారి, పెద్ద జార్ కొత్తగా ఉంటే, అక్కడ రోజూ పచ్చడి నూరారు, ఇడ్లీపిండి మాత్రం గ్రైండర్‌లోనో రోట్లోనో రుబ్బుకున్నారు అనుకోవచ్చు.

స్టీలు జార్ల మీద ఇంకో ఆనవాలు ఉంటుంది. మన ఇళ్లల్లో స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టించడం అలవాటు కదా. చుక్కచుక్కగా ఇంటిపేరు, పొడి అక్షరాలు, ఒక్కోసారి తారీఖు. తయారైన సంవత్సరం చెప్పని మిక్సీకి పెళ్లి తారీఖు దొరుకుతుంది. కానీ ఆ పేరు ఎవరిది? నా దగ్గరున్న జార్లలో అన్నీ మగవాళ్ల పేర్లే. కానుక ఇచ్చిన మావయ్యదో, ఇంటి యజమానిదో. రోజూ ఆ జార్ పట్టుకున్న మనిషి పేరు ఒక్కదాని మీదా లేదు.

మిక్సీ ఆడవాళ్లకి విశ్రాంతి ఇచ్చిందని అనేస్తాం. కొంతవరకు నిజమే. కానీ ఏడాది కారం దంచడానికి, పిండి కొట్టడానికి కూలికొచ్చే ఆడవాళ్లుండేవారు. మిల్లు వచ్చి కొంత, మిక్సీ వచ్చి మిగతాది, వాళ్ల కూలిపని పోయింది. రోటి పక్కన ఇద్దరు ముగ్గురు కూర్చుని చేసిన పని ఒక్క కోడలి మీద పడిన ఇళ్లూ ఉన్నాయి. "మిక్సీ ఉందిగా" అన్న ఒక్క మాటతో రోజుకో పచ్చడి తప్పనిసరైంది. ఇవేవీ ప్లేటు మీద ఉండవు.

పాత మిక్సీలు కిలోల లెక్కన తుక్కుకి పోతున్నాయి. వైండింగ్‌లో రాగి కోసం విప్పేస్తారు, ప్లేటు చెత్తలో కలుస్తుంది. మీ ఇంట్లో అటక మీద ఒకటుంటే ఇచ్చేముందు తిరగేసి ప్లేటు ఫొటో తీసుకోండి. తర్వాత అమ్మనో నాయనమ్మనో అడగండి: ఇది ఎప్పుడొచ్చింది, ఎవరు కొన్నారు, అంతకుముందు రోట్లో ఎవరు రుబ్బేవారు, ఆ మనిషి తర్వాత ఏం చేసింది. కంపెనీ పేరు నాలాంటివాళ్లు ఎప్పుడైనా కనిపెట్టగలరు. ఈ జవాబులు మాత్రం చెప్పేవాళ్లు ఉన్నప్పుడే రాసుకోవాలి.