పద్మనగర్ సాంచాల మధ్య పని నేర్పు

బొంబాయి దగ్గరి భివండీలోని పద్మనగర్, తెలంగాణ పల్లెల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు నిలబెట్టుకున్న పేట కావడం వల్ల, అక్కడి వారి తొలి పనిబడి ఊళ్లో వదిలివచ్చిన ఇంటి మగ్గమే. ఆ మగ్గం దగ్గర పిల్లలు ముందు కండెలు చుట్టడం, అంటే పేక నూలును నాడెలో ఇమిడే చిన్న గొట్టానికి ఎక్కించడం, తరువాత పడుగు దారాలను వరుసగా పేర్చే ఆసు పోయడం నేర్చి, కాళ్లు తొక్కుడు కర్రలకు అందే వయసుకు నేతకు కూర్చునేవారు. కూలీ గడువూ లేని ఆ చదువులో, నూలు నుంచి గుడ్డ దాకా పని మొత్తం ఒక్కరి చేతికి వచ్చేది.

మరమగ్గం, అక్కడి మాటలో సాంచా, ఆ వరుసను ముక్కలు చేసింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలైన తరువాత నేత పని పెద్ద ఎత్తున భివండీ కార్ఖానాలకు మళ్లింది. కండెలు చుట్టేవారు, సాంచా నడిపేవారు, దాన్ని బాగుచేసే ముకద్దం వేరువేరయ్యారు. ఊరి నుంచి వచ్చిన పేదింటి కుర్రవాడు బంధువు పక్కన నిలబడి, తెగిన పోగును, పడుగు దారాలు సాగే అచ్చు, పన్నెలలోంచి లాగి, రెండు వేళ్ల మధ్య ముడివేసి, ఆగిన సాంచాను తిరిగి నడపడం చూసి నేర్చుకునేవాడు. కూలి మీటర్ల లెక్కన కట్టే చోట, ఆగి చూపించిన ప్రతి నిమిషమూ నేర్పేవాడి సంపాదనలోంచే తరిగేది. పేదవాడి శిక్షణకు పేదవాడే ఖర్చు భరించాడన్నది ఈ చరిత్రలో అన్నిటికన్నా బరువైన విషయం.

1961 నాటి అప్రెంటిస్ చట్టం పని నేర్చుకునేవారికి రాతపూర్వక ఒప్పందాన్నీ, స్టైపెండునూ, అంటే శిక్షణకాలపు భత్యాన్నీ కల్పించినా, ఆ ఊహ పెద్ద సంస్థల చుట్టూ అల్లినది. కొద్దిమందితో నడిచే కార్ఖానా దాని చూపుకు ఆనలేదు. 1986 నాటి బాలకార్మిక చట్టం కూడా యజమాని తన కుటుంబంతో నడుపుకునే పనిచోటును నిషేధం నుంచి మినహాయించడంతో, ఇంట్లో కండెలు చుట్టే చిన్నచేతులకు బడికి వెళ్లే హక్కు ఆ చట్టం నుంచి దక్కలేదు.

2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, 4 నుంచి 29 మంది ఉన్నవాటికి అది ఐచ్ఛికం. ఆ ఐచ్ఛికాన్ని చిన్న కార్ఖానాల ఇష్టానికి వదలక, నేర్పే కార్మికుడు కోల్పోయే కూలిని ప్రభుత్వమే చెల్లించాలి.