వైద్యశాలలో ఏడ్వని బిడ్డ

తల్లి చెంత లేకున్నను ఏడ్వక ఊరకుండు శిశువును చూచి, 'బుద్ధిమంతుడు' అని పెద్దలు మెచ్చుకొందురు. ఆ మెప్పు సరియైనదేనా? ఇరువదవ శతాబ్ది నడుమ ఇంగ్లండు వైద్యశాలలలో ఈ ప్రశ్న గొప్ప వివాదమునకు కారణమయ్యెను.

ఆ కాలమున అక్కడి పెక్కు వైద్యశాలలలో చేర్చిన పిల్లలను చూచుటకు తల్లిదండ్రులకు వారమున ఒకటి రెండు మారులు మాత్రమే అనుమతి యుండెడిది. బిడ్డ తొలి దినములలో ఏడ్చినను పిదప అలవాటు పడును. తల్లి వచ్చిపోయినచో మరల ఏడ్పు మొదలగును. కావున తల్లి రాకయే బిడ్డకు కీడని పలువురు వైద్యులు, నర్సులు నమ్మిరి.

జేమ్స్ రాబర్ట్‌సన్ రెండవ ప్రపంచయుద్ధ కాలమున లండనులో అన్నా ఫ్రాయిడ్ నడపిన శిశుశాలలో బాయిలరు పనివాడుగా ఉండెను. ఇంటికి దూరమైన పిల్లలను గమనించుట అక్కడనే నేర్చెను. 1948లో జాన్ బౌల్బీ అను మనోవైద్యుని వద్ద చేరి, వైద్యశాలలోని శిశువులను పరిశీలించెను. వారి ప్రవర్తనలో మూడు దశలు కనబడెను. మొదట శిశువు ఏడ్చి తల్లికై వెదకును. తరువాత ఆశ వదలి, ఆటలు మాని మూలుగుచుండును. కడపట నవ్వును, తినును, ఎవరి చెంతకైనను పోవును. కాని తల్లి వచ్చినచో ముఖము త్రిప్పుకొనును. వైద్యులు అలవాటు అనుకొన్నవి ఈ చివరి రెండు దశలే!

మాటలతో చెప్పినచో నమ్మువారు లేరు. అందుచే రాబర్ట్‌సన్ 1952లో ఒక చలనచిత్రము తీసెను. బొడ్డు హెర్నియాకు శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు వైద్యశాలలో ఉన్న రెండేండ్ల అయిదు నెలల బాలిక అందు కనిపించును. దుఃఖపు క్షణములనే ఏరి చూపెనను నింద రాకుండ, ప్రతిదినము నియమిత వేళలలో, గోడ గడియారము సాక్షిగా చిత్రించెను. ఆ బాలిక ఏడ్చినది తక్కువ. ఏడ్పు నాపుకొన్నది ఎక్కువ. వైద్యుల సభలో ప్రదర్శింపగా పలువురు ఆగ్రహించిరి. అయినను 1959లో ప్రభుత్వము నియమించిన ప్లాట్ సంఘము, తల్లిదండ్రుల రాకకు ఆంక్షలుండరాదనియు, చిన్నపిల్లలతో తల్లులు కూడ వైద్యశాలలో ఉండుటకు వీలు కల్పింపవలెననియు సిఫారసు చేసెను.

ఎడబాటు లెల్ల ఒక్కటి కావు. రాబర్ట్‌సన్ దంపతులే తరువాత మరికొన్ని చిత్రములు తీసి, ఎప్పుడును ఒకే వ్యక్తి ప్రేమతో సాకినచో శిశువు అంతటి నిరాశకు లోనుకాదని చూపిరి. తల్లిని చూడగనే బిడ్డ ఏడ్చుట కీడునకు గుర్తు కాదు. బంధము తెగలేదనుటకు గుర్తు. ఆ ఏడ్పును ఓర్చుకొనుట పెద్దలు నేర్వవలసిన పాఠము.