రాతి బెంచీ

రాతి బెంచీ అనగా బహిరంగ స్థలాలలో ప్రజలు కూర్చొనుటకు రాతి పలకతో ఏర్పాటు చేసే స్థిరమైన ఆసనం. రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతాలలో దీనికి స్థానికంగా దొరికే నాపరాయిని వాడతారు. ఉద్యానవనాలలోను, బస్టాండులలోను, దేవాలయాల ఆవరణలలోను ఇటువంటి బెంచీలు కనిపిస్తాయి. గ్రామాలలోని రచ్చబండను దీనికి పూర్వరూపంగా చెప్పుకోవచ్చు.

రాయి

1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ ప్రాంతపు శిలలను కడప, కర్నూలు సముదాయాలుగా వర్ణించాడు. కర్నూలు సముదాయానికి చెందిన నార్జి సున్నపురాయి పొరలుపొరలుగా ఉండడం వలన సులభంగా పలకలుగా విడిపోతుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల (2022 వరకు కర్నూలు జిల్లా, తరువాత నంద్యాల జిల్లా), కడప జిల్లాలోని ఎర్రగుంట్ల పరిసరాలలో నాపరాతి గనులు ఉన్నాయి. నల్లని రకం ఇతర రాష్ట్రాలలో కడప రాయిగా ప్రసిద్ధి చెందింది.

నిర్మాణం

రెండు రాతి లేదా సిమెంటు దిమ్మెలపై ఒక పలకను అమర్చితే బెంచీ సిద్ధమవుతుంది. రాయి నొక్కుడు బలాన్ని బాగా తట్టుకుంటుంది గాని వంపును తట్టుకోలేదు. అందువలన పలక పొడవుగా ఉన్నప్పుడు మధ్యలో మూడవ దిమ్మె అవసరం. వాననీరు నిలవకుండా పలకకు కొద్దిపాటి వాలు ఇస్తారు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో నల్లరాయి త్వరగా వేడెక్కుతుంది. కనుక వేప, కానుగ వంటి చెట్ల నీడలో లేని బెంచీ పగటిపూట నిరుపయోగమే. అనేక బెంచీలపై దాతల పేర్లు, ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారన్న వివరాలు కనిపిస్తాయి.

రచ్చబండ

చెట్టు క్రింద వేసిన పెద్ద బండను, లేదా చెట్టు చుట్టూ కట్టిన అరుగును రచ్చబండ అంటారు. గ్రామ పెద్దలు తగవులు తీర్చేది ఇక్కడే. ఇది ఊరందరిదీ అయినప్పటికీ దానిపై కూర్చొనే హక్కు అందరికీ ఉండేది కాదు. అనేక గ్రామాలలో దళితులు దూరంగా నిలబడవలసి వచ్చేది. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 15(2) అధికరణం ప్రకారం ప్రభుత్వ నిధులతో నిర్వహించే లేదా ప్రజల వినియోగానికి అంకితమైన స్థలాలలో కులం కారణంగా ఎవరినీ అడ్డుకొనరాదు. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం అటువంటి అడ్డంకిని శిక్షార్హం చేసింది.

మార్పులు

బెంచీలో చేసే చిన్న మార్పు కూడా దానిని ఎవరు వాడుకోగలరో నిర్ణయిస్తుంది. వెనుక ఆనుడు, చివరలలో చేతిపిడులు అమర్చితే వృద్ధులు, మోకాళ్ళ నొప్పులున్నవారు తేలికగా కూర్చొని లేవగలరు. అదే చేతిపిడిని మధ్యలో బిగిస్తే ఎవరూ పడుకొనడానికి వీలుండదు. లండన్‌లోని కామ్డెన్ పురపాలక మండలి కోసం 2012లో రూపొందించిన కామ్డెన్ బెంచీ ఇటువంటి నిరోధక రూపకల్పనకు పేరుపొందిన ఉదాహరణ. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుండి కూలీలు ఏటా పనుల కోసం గుంటూరు ప్రాంతానికి వలస వెళ్తారు. ప్రయాణంలో రాత్రి గడపవలసి వచ్చిన ఇటువంటి వారికి అడ్డులేని పలక పడకగా కూడా ఉపయోగపడుతుంది.