శాన్ రామన్ నగరమున టాక్సీల నియంత్రణము, అనుమతులు

శాన్ రామన్ కాలిఫోర్నియా రాష్ట్రమున, కాంట్రా కోస్టా కౌంటీ దక్షిణపుటంచున, 680వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి కిరువైపుల నెలకొన్న నగరము. 1983 జూలై 1వ తేదీన నగర ప్రతిపత్తి నొందిన యీ పురమున 2020 జనగణన నాటికి 84 వేలకు పైబడిన జనులుండిరి. వారిలో, విశేషించి తూర్పు దిక్కున నున్న డోహర్టీ వ్యాలీలో, తెలుగు కుటుంబములు పెక్కు గలవు. నగరమున బార్ట్ అను ప్రాంతీయ రైలు వ్యవస్థ స్టేషను లేదు. చేరువ స్టేషనులు రెండును, అనగా 1997లో తెరచిన డబ్లిన్–ప్లెజంటన్, 2011లో తెరచిన వెస్ట్ డబ్లిన్–ప్లెజంటన్, దక్షిణమున కొలది మైళ్ల దూరముననే యున్నను, అవి అలమీడా కౌంటీకి చెందినవి. ఓక్లాండ్ విమానాశ్రయము కూడ ఆ కౌంటీలోనిదే. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయమన్ననో శాన్ మటేయో కౌంటీ భూమిపై నుండియు శాన్ ఫ్రాన్సిస్కో నగరపు యాజమాన్యమున నున్నది. కావున శాన్ రామన్ వాసి టాక్సీ నెక్కి పోదగిన ముఖ్య స్థలములు పెక్కు అతని కౌంటీ పొలిమేరకు ఆవలనే యున్నవి. టాక్సీల అనుమతులకు పొలిమేరయే ప్రాణము గనుక ఈ భూగోళ విషయమును మొదటనే చెప్పవలసి వచ్చినది.

బాడుగ వాహనములపై ప్రభుత్వపు అదుపు ప్రాచీనమైనది. లండను నగరమున అద్దె గుఱ్ఱపుబండ్ల సంఖ్యను పరిమితము చేయుచు మొదటి చార్లెస్ రాజు 1635లో శాసనము వెలువరించెను. 1654లో క్రామ్‌వెల్ ప్రభుత్వము వానికి లైసెన్సు పద్ధతిని నెలకొల్పెను. న్యూయార్కు నగరము 1937 నాటి హాస్ చట్టముచే మెడాలియన్ అను అనుమతి బిళ్లల సంఖ్యకు హద్దు విధింపగా, అవి క్రమముగా ఆస్తివలె క్రయవిక్రయములకు లోనై, 2014 ప్రాంతమున ఒక్కొక్కటి పది లక్షల డాలర్ల ధర పలికి, అనతికాలముననే కుప్పకూలెను. అప్పు చేసి వానిని కొన్న డ్రైవర్లు, వలస వచ్చిన వారే అందధికులు, దారుణముగ నష్టపోయిరి. శాన్ ఫ్రాన్సిస్కో 1978లో ప్రజాభిప్రాయముచే మెడాలియన్లను స్వయముగా బండి నడుపువారికే ఇయ్యవలెనని నిర్ణయించి, 2010లో ఆ మార్గమును విడిచి ఒక్కొక్కటి రెండున్నర లక్షల డాలర్లకు విక్రయింప నారంభించెను. ప్రజల మేలుకొఱకు పుట్టిన లైసెన్సు సంపదగా మారినపుడు దాని మూల ప్రయోజనము మరుగున పడునని ఈ వృత్తాంతములు చాటుచున్నవి.

ఆ మూల ప్రయోజనము సరళమైనదే. వీథిలో చేయెత్తి బండి నాపినవానికి ఆ డ్రైవరెవరో, ఆ బ్రేకులెట్టివో, ఆ మీటరు నిజము పలుకునో లేదో తెలిసికొను అవకాశము లేదు. బేరమాడుటకు వ్యవధియు లేదు. ఆ పరీక్షలను అతని పక్షమున ముందుగానే జరిపి, జరిపినట్లు బండిమీద గుర్తు వేయుటయే లైసెన్సు.

కాలిఫోర్నియాలో ఈ బాధ్యత రాష్ట్రమునది కాదు, స్థానిక ప్రభుత్వములది. రాష్ట్ర ప్రభుత్వ స్మృతిలోని 53075.5 సెక్షను ప్రతి నగరమును, ప్రతి కౌంటీని టాక్సీల విషయమున ఉపశాసనము చేయవలయునని ఆదేశించుచున్నది. టాక్సీ వ్యాపారమునకు ప్రవేశ నియమములు, రేట్ల నిర్ణయము, డ్రైవర్లకు మద్యము, మాదకద్రవ్యముల పరీక్షలు అందలి ప్రధానాంశములు. అనుమతి లేక టాక్సీ నడిపినవారికి జరిమానా కలదు. ప్రకటనలలో పర్మిట్టు సంఖ్యను విధిగా చూపవలయును.

ఈ విధానము చిరకాలము ఒక చిక్కునకు తావిచ్చెను. నగరములు ఒకదాని నొకటి ఒరసికొని యున్న యీ ప్రాంతమున, పొరుగు పురమైన డాన్‌విల్‌లో ఎక్కించుకొని శాన్ రామన్‌లో దింపి, అచ్చటనే మరియొక సవారీని ఎత్తుకొనగోరు డ్రైవరు రెండు పురముల అనుమతులను పొందవలసి యుండెను. ప్రతి దానికిని వేఱు రుసుము, వేఱు తనిఖీ. దీనిని సవరించుటకై 2017లో ఆమోదింపబడిన అసెంబ్లీ బిల్లు 1069, 2019 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. దాని ప్రకారము టాక్సీ కంపెనీ తన ముఖ్య కార్యాలయమున్న నగరమునందో, లేక కౌంటీలో తన సవారీలు అన్నిటికంటె ఎక్కువగా మొదలగు నగరమునందో అనుమతి పొందిన చాలును. ముందుగా పిలిపించుకొన్న సవారీలను ఆ కౌంటీ యంతటను నడుపవచ్చును. వీథిలో చేయెత్తి పిలుచువారిని, టాక్సీ స్టాండులను గూర్చిన అదుపు మాత్రము స్థానికులకే మిగిలినది. శాన్ ఫ్రాన్సిస్కో ఈ మార్పునకు వెలియైనది.

మీటరు విషయము కొంత వివరముగ చెప్పదగినది. టాక్సీ మీటరు దూరమును కన్నులతో చూడదు. చక్రము తిరిగిన లెక్కనుబట్టి దూరమును కట్టును. అరిగిన టైరు, గాలి తగ్గిన టైరు, కొలతకు చిన్నదైన టైరు, ఇవన్నియు మైలుకు ఎక్కువ మారులు తిరుగును. డ్రైవరు మనసులో ఏ దురుద్దేశమును లేకున్నను ప్రయాణికుని బాడుగ పెరుగును. అందుచే కౌంటీలోని తూనికలు, కొలతల అధికారి బండిని నిర్ణీత దూరము నడిపించి, మీటరు చూపిన అంకెను సరిచూచి, సరియైనచో దానికి సీలు వేయును. ఆ సీలు తెగినదా, ఆ మీటరు తిరిగి పరీక్ష నెగ్గువరకు బాడుగ లెక్కించుటకు పనికిరాదు. నగరపు పర్మిట్టుకంటె ఈ చిన్న సీలే ప్రయాణికునికి దగ్గరి రక్షణమని నా అభిప్రాయము. క్రొత్త చట్టము ఉపగ్రహ సంకేతములచే దూరము కట్టు సాధనములను గూడ, రాష్ట్ర కొలతల విభాగపు ఆమోదమునకు లోబడి, అనుమతించినది.

ఇక పొలిమేర మాట. 1069వ బిల్లు నగరముల నడుమనున్న గోడలను తొలగించెను గాని కౌంటీల నడుమ గోడను నిలిపియే యుంచెను. కాంట్రా కోస్టా కౌంటీలో అనుమతి గల టాక్సీ శాన్ రామన్ వాసిని డబ్లిన్ స్టేషనులో దింపవచ్చును. కాని ఆ స్టేషను వాకిట నిలిచి, రైలు దిగి తిరిగి శాన్ రామన్ పోగోరు వానిని ఎక్కించుకొనుటకు అలమీడా కౌంటీ అనుమతి కావలయును. విమానాశ్రయములకు ప్రత్యేక పర్మిట్టులు వేఱు. పోవునపుడు నిండుగ పోయి వచ్చునపుడు ఖాళీగ రావలసిన డ్రైవరునకు ఆ ఖాళీ మైళ్ల ఖర్చును భరించువారెవరు? నిజమునకు ప్రయాణికుడే. కారు నడుపుట రాక బిడ్డలయింటికి వచ్చి కొన్ని మాసములుండు తల్లిదండ్రులు, వృద్ధులు, చూపు మందగించినవారు ఈ నగరమున నెందఱో కలరు. వారి రాకపోకలకు కౌంటీ రేఖ అడ్డు కారాదని గట్టిగా చెప్పవలసియున్నది.

ఆ రేఖ ఒక వర్గమునకు అడ్డు కాలేదు. 2010లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఉబర్‌క్యాబ్ పేర మొదలైన సేవను ఆపివేయుమని అదే సంవత్సరము అక్టోబరులో అధికారులు ఆజ్ఞాపించిరి. 2012లో ఉబర్, లిఫ్ట్, సైడ్‌కార్ సంస్థలకు కాలిఫోర్నియా పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ ఇరువదేసి వేల డాలర్ల జరిమానా విధించెను. తుదకు 2013 సెప్టెంబరులో ఆ కమిషనే వీనికి ట్రాన్స్‌పోర్టేషన్ నెట్‌వర్క్ కంపెనీలు అను క్రొత్త తరగతిని కల్పించి, అమెరికాలో తొలిసారిగా రాష్ట్రస్థాయి అనుమతి పద్ధతిని ఏర్పఱచెను. యాప్ ద్వారా కుదిరిన సవారీలే తప్ప వీథిలో చేయెత్తినవారిని ఎక్కించుకొనరాదు. ప్రయాణికుడున్నంతసేపు పది లక్షల డాలర్ల బీమా యుండవలయును. నాలుగేండ్ల కావల, 2017 నవంబరులో, డ్రైవర్ల వ్రేలిముద్రల విచారణ తప్పనిసరి కానక్కఱలేదని కమిషన్ నిర్ణయించినది. డ్రైవర్లను స్వతంత్రులుగ పరిగణించు 22వ ప్రతిపాదనను 2020 నవంబరులో ఓటర్లు ఆమోదింపగా, రాష్ట్ర సుప్రీం కోర్టు 2024 జూలైలో దానిని స్థిరపఱచెను. ఒకే వీథిలో ఒకే పనిచేయు ఇద్దఱు డ్రైవర్లలో ఒకనికి నగరము, మరియొకనికి రాష్ట్రము యజమాని వలె నియమములు విధించుట న్యాయమని తోచదు.

పోల్చి చూచినచో, మన భారతదేశమున 1939 నాటి, తరువాత 1988 నాటి మోటారు వాహనముల చట్టముచే ఈ యధికారము రాష్ట్రముల రవాణా శాఖలకు సంక్రమించినది. టాక్సీకి 74వ సెక్షను క్రింద కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్టు కావలయును. పసుపుపచ్చ పలకపై నల్లని అక్షరములు దానికి గుర్తు. యాప్ సంస్థలకు లైసెన్సు 2019 సవరణముతో 93వ సెక్షనులో చేరి, 2020 నవంబరులో కేంద్రము మార్గదర్శకములు వెలువరించినది. పొలిమేర బాధ ఇచ్చటను కలదు: 2014 విభజనముతో కోదాడ టాక్సీకి జగ్గయ్యపేట పరరాష్ట్రమయ్యెను.

శాన్ రామన్‌కే ప్రత్యేకమైన సంఘటన యొకటి గలదు. స్టీరింగు, బ్రేకు పెడలు లేని స్వయంచాలిత వాహనములను బిషప్ ర్యాంచ్ అను వ్యాపారక్షేత్రమున పరీక్షించుటకు కాంట్రా కోస్టా రవాణా సంస్థకు అధికార మిచ్చుచు 2016లో రాష్ట్రము అసెంబ్లీ బిల్లు 1592ను చేసెను. గంటకు 35 మైళ్ల వేగము మించరాదని హద్దు. ఈజీమైల్ సంస్థ తయారుచేసిన ఆ వాహనములు 2018లో అచ్చటి బహిరంగ వీథులలో నడచినవి. పొరుగున 2017 ఆరంభమున లివర్మోర్ అమడోర్ వ్యాలీ రవాణా సంస్థ 'గో డబ్లిన్' పేర ఉబర్, లిఫ్ట్‌లతోబాటు డీసోటో టాక్సీలను చేర్చికొని, బాడుగలో సగమును అయిదు డాలర్లకు మించకుండ తానే భరించెను. ఆ సాయము నాడు డబ్లిన్ నగరములోని సవారీలకే పరిమితమై యుండెను.

ఫిర్యాదుల మార్గము గూడ రెండు పాయలైనది. టాక్సీపై ఫిర్యాదు దానికి పర్మిట్టు నిచ్చిన నగరమునకు గాని కౌంటీకి గాని చేరవలయును. యాప్ ద్వారా వచ్చిన కారుపై ఫిర్యాదు శాన్ ఫ్రాన్సిస్కోలోని కమిషన్‌కు పోవలయును. మీటరుపై సందేహము కలిగినచో రెంటితోను పని లేక కౌంటీ తూనికలు, కొలతల కార్యాలయము నడుగవచ్చును.