చినగోరంట పుట్టిల్లు, చెన్నంగి అడవి

వేసవి మొదలుకొని వానాకాలం ముగిసేదాకా గులాబి, ఊదా, తెలుపు రంగుల గుత్తులతో నిండి ఉండే చినగోరంటను నర్సరీల వారు క్రేప్ మిర్టిల్ అన్న పేరుతో అమ్ముతారు. వృక్షశాస్త్రంలో దాని పేరు లాగర్‌స్ట్రోమియా ఇండికా. గోరింట, దానిమ్మ చేరిన లిత్రేసీ కుటుంబమే దీనిదీ. సాధారణంగా ఆరు రేకులుండే దీని పువ్వులో ప్రతి రేకూ సన్నని కాడమీద నిలిచి, క్రేప్ గుడ్డలా అంచులు ముడతలు పడి ఉంటుంది. బెరడు పొరలు పొరలుగా ఊడిపోవడం వల్ల ముదురు కొమ్మలు నున్నగా, చేతితో రుద్ది మెరుగుపెట్టినట్లు కనిపిస్తాయి. కోసిన కొద్దిసేపటికే రేకులు వాడిపోవడం, చెప్పుకోదగ్గ పరిమళం లేకపోవడం వల్ల ఇది దండల్లోకి ఎక్కలేదు. చెట్టునే ఉండి చూపులకు అందవలసిన పువ్వు ఇది.

శాస్త్రనామంలో ‘ఇండికా’ ఉన్నా ఈ మొక్క తోటపంటగా ఎదిగింది చైనాలో. తాంగ్ వంశపు రాజుల కాలానికే అది రాజప్రాసాదాల ఆవరణల్లో పేరున్న పూలచెట్టు, క్రీ.శ. 713లో షువాన్‌జోంగ్ చక్రవర్తి తన ప్రధాన సచివాలయానికి మార్చి పెట్టిన కొత్త పేరు ఈ పూల చైనా పేరుతో ఉచ్చారణలో కలవడం వల్ల పువ్వుకూ కొలువుకూ సాహిత్యంలో ముడి పడింది. దాని ఐరోపా ప్రస్థానం మాత్రం వర్తకపు ఓడల మీద సాగింది. 1731లో గోటెన్‌బర్గ్ నగరంలో ఏర్పడిన స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ ముఖ్యంగా చైనాలోని కాంటన్ రేవుతో వ్యాపారం చేసేది. ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకడైన మాగ్నస్ ఫాన్ లాగర్‌స్ట్రోమ్ తూర్పు దేశాల నుంచి వచ్చిన మొక్కల నమూనాలను వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లినేయస్‌కు అందిస్తూ ఉండేవాడు. లినేయస్ 1759లో ఈ ప్రజాతికి, అంటే దగ్గరి పోలికలున్న జాతుల సముదాయానికి, ఆ మిత్రుడి పేరు పెట్టాడు. లాగర్‌స్ట్రోమ్ కన్నుమూసింది కూడా ఆ సంవత్సరమే. తూర్పు సముద్రాల మీదుగా వచ్చిన అనేక వస్తువులను అప్పటి ఐరోపా ‘ఇండియా’ ఖాతాలోనే వేసుకునేది. ఈ మొక్క విషయంలోనూ జరిగింది అదే.

అయితే ఈ ప్రజాతికి తెలుగుదేశంతో ఉన్న సంబంధం ఆ పొరపాటు లెక్కతో ముగిసిపోదు. లినేయస్ శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ కోరమండల్ తీరమంతా మొక్కలు సేకరిస్తూ తిరిగి, 1785లో కాకినాడ చేరువనున్న జగన్నాథపురంలో మరణించాడు. అతని తరువాత ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడి పదవి విశాఖపట్నంలో సోదరుడి వద్ద ఉంటున్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్‌కూ, అతడు 1789లో స్వదేశానికి వెళ్లిపోగా సామర్లకోటలో 1781 నుంచి పనిచేస్తున్న విలియం రాక్స్‌బర్గ్‌కూ దక్కింది. రాక్స్‌బర్గ్ ఉత్తర సర్కారుల మొక్కలను స్థానిక చిత్రకారుల చేత పెద్ద పుటల మీద గీయించి లండనుకు పంపగా, అక్కడి వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ వాటి నుంచి ఏరిన 300 చిత్రాలతో ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమండల్’ అనే గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా వెలువడింది. మొదటి సంపుటానికి ముందుమాట రాసినవాడు రస్సెల్. ఆ సంపుటంలోనే చినగోరంటకు ఇద్దరు దాయాదులు కనిపిస్తారు: ఒకటి తెలుగువారు వరగోగు అనే పెద్ద ఊదాపూల చెట్టు, రెండవది చెన్నంగి. చెన్నంగికి రాక్స్‌బర్గ్ పెట్టిన లాగర్‌స్ట్రోమియా పార్విఫ్లోరా అన్న పేరే ఇప్పటికీ చెల్లుతోంది. ఆ చిత్రాలు గీసిన వారి పేర్లు గ్రంథం మీద లేవన్నది విచారించదగిన సంగతి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు పడమటి అంచుగా నిలిచిన తూర్పు కనుమల ఆకురాల్చు అడవుల్లో చెన్నంగి సహజంగా పెరుగుతుంది. చిన్న తెల్లని పూలు, గట్టి కలప దాని లక్షణాలు. దసలి పట్టుపురుగు మేసే చెట్లలో ఇదీ ఒకటి. ఇంత దగ్గరి బంధువు ఇక్కడి కొండల్లోనే స్థిరపడి ఉండగా చినగోరంటను ఎండలకు తట్టుకోలేని పరదేశి మొక్కగా భావించి గొడుగు పట్టడం అనవసరం. వేడి, వేసవి వానలు కలిసి వచ్చే ఋతుపవన దేశాలే ఈ ప్రజాతికి పుట్టిళ్లు. కోస్తా ఆంధ్రలో దానిని చెరిచేది ఎండ కాదు. నీడ, నిలవనీరు, ఉప్పు.

వీటిలో నీడ, ఉప్పు రెండూ ఎదురయ్యే చోటు శ్రీకూర్మం. శ్రీకాకుళానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, సముద్రానికి చేరువగా, కూర్మనాథుని ఆలయం చుట్టూ విస్తరించిన ఈ గ్రామపు పరిసరాల్లో ఇసుక కలిసిన నేలలు, కొబ్బరిచెట్ల నీడలు, సముద్రపు గాలి ఉంటాయి. జిల్లాలో ఏటా కురిసే సుమారు 1100 మిల్లీమీటర్ల వానలో అధికభాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే పడుతుంది కాబట్టి తొలకరి తరువాత నాటిన మొక్క తరువాతి వేసవికి వేళ్లు లోతుకు దించుకోగలుగుతుంది. రోజుకు ఆరు గంటలకు తక్కువ కాకుండా నేరుగా ఎండ తగిలే చోటు దీనికి తప్పనిసరి. కొబ్బరి నీడన పెట్టిన మొక్క ఆకు వేస్తుందే తప్ప పూయదు. ఇసుకనేలలో తేమ నిలవదు గనుక గోతిలో చివికిన పశువుల ఎరువు, చెరువుమట్టి కలిపి, మొదలు చుట్టూ కొబ్బరిపీచు లేదా ఎండుటాకు పరచాలి. మొదలుకు మాత్రం ఆ పొర ఆనకూడదు. రోజూ చెంబెడు పోయడం కన్నా వారానికి ఒకటి రెండుసార్లు వేళ్ల దాకా దిగేలా తడపడం మేలు. ఉప్పుబావి నీటితో ఆకుల అంచులు మాడుతాయి కాబట్టి తీరానికి అతి దగ్గరి ఇళ్లలో గోడ చాటున, మంచినీటి అందుబాటులో నాటడమే ఉత్తమం.

కత్తిరింపు విషయంలో జరిగే తప్పులు ఎక్కువ. చినగోరంట ఆ ఏడు పుట్టిన లేతకొమ్మల చివరనే పూస్తుంది. అందువల్ల ఆకు రాలిన తరువాత, జనవరి, ఫిబ్రవరి నెలల్లో, ఎండుకొమ్మలనూ ఒకదానితో ఒకటి రాసుకునే కొమ్మలనూ తీసివేసి, మిగిలిన వాటి కొనలు తేలికగా కత్తిరిస్తే చాలు. ఏటా మోడుగా నరికితే అక్కడి నుంచి బెత్తాల వంటి బలహీనమైన రెమ్మలు లేచి, వాననీటితో బరువెక్కిన గుత్తులను మోయలేక నేలకు వాలుతాయి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ వంటి తుపానులు ఎరిగిన జిల్లాలో దీనిని ఒంటి మానుగా ఎత్తు పెంచడం కంటే మొదలు నుంచే నాలుగైదు కొమ్మల పొదగా ఉంచడం వివేకం. వాడిన గుత్తిని కాయ కట్టకముందే తుంచితే మరో విడత పూత వస్తుంది. యూరియా ఎక్కువైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది, లేతచిగుళ్లకు పేనుబంక పట్టి, అది విసర్జించే తీపి జిగురు మీద మసి తెగులు వస్తుంది.

గాలి ఆడని చోట ఆకులమీద తెల్లని పొడిలా కనిపించే బూడిద తెగులు చాలాకాలం ఈ మొక్కకు పెద్ద బెడద. అమెరికాలో 18వ శతాబ్ది చివర ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ఆంద్రే మిషో చార్లెస్టన్‌లో ప్రవేశపెట్టిన నాటి నుంచి దక్షిణ రాష్ట్రాలన్నిటా వ్యాపించిన చినగోరంటను అక్కడి వారు ఈ తెగులు నుంచి తప్పించడానికి జపాను దీవి యాకుషిమా వైపు చూశారు. వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ క్రీచ్ 1956లో అక్కడి నుంచి సేకరించిన లాగర్‌స్ట్రోమియా ఫౌరియీ విత్తనాల మొక్కలతో డొనాల్డ్ ఎగోల్ఫ్ వాషింగ్టన్ జాతీయ వృక్షవనంలో సంకరం చేసి, తెగులును తట్టుకునే నాచెజ్ వంటి రకాలను 1978లో విడుదల చేశాడు. నర్సరీలో మొక్క కొనేవారు, అది నర్సరీలకు పేరున్న కడియం నుంచి తెచ్చినదైనా మరెక్కడి నుంచి వచ్చినదైనా, రకం పేరు అడగడం, పూత మీదనే రంగు చూసి ఎంచుకోవడం మంచిది. విత్తనం నుంచి వచ్చిన మొక్క తల్లి రంగునే పూస్తుందన్న భరోసా లేదు; వానాకాలంలో జానెడు పొడవు కొమ్మలను తడి ఇసుకలో గుచ్చితే తేలికగా వేళ్లు పట్టి, తల్లి రంగునే నిలుపుకొంటాయి.