సగం గుడారం

1897 జూన్ మూడో వారం. అమెరికాలోని మోంటానా రాష్ట్రం, రాకీ పర్వతాల నడినెత్తి. ఆ గట్టుకు ఇటు పడ్డ చినుకు పసిఫిక్ సముద్రానికి పోతుంది, అటు పడ్డది అట్లాంటిక్ దారి పడుతుంది. ఆ పూట పడుతున్నది వానా కాదు, మంచూ కాదు. రెండూ కలిసి మొహాన కొడుతున్నాయి. మన దగ్గర ఏరువాక సాగే రోజుల్లో అక్కడ వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

ఆ జల్లులో ఇరవై మంది సైనికులు సైకిళ్లు తోసుకుంటూ కొండ ఎక్కుతున్నారు. తొక్కడం ఎప్పుడో మానేశారు. కింద నేల బంకమట్టి. తడిస్తే చక్రాన్ని పట్టుకుని వదలదు. కర్నూలు నల్లరేగట్లో శ్రావణ మాసంలో సైకిలు నడిపినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి టైరుకూ ఫోర్కుకూ మధ్య మట్టి ముద్దకట్టి బిగుసుకుపోతుంది. ఆగాలి, పుల్లతో గీకాలి, మళ్లీ తొయ్యాలి. ఒక్కో సైకిలు సామానుతో కలిపి దాదాపు 27 కిలోలు. వీపున నాలుగున్నర కిలోల క్రాగ్ రైఫిలు, నడుముకు యాభై తూటాల పట్టీ. గేర్లు మార్చుకుని తేలిక చేసుకుందామంటే ఆ సైకిళ్లకు ఉన్నది ఒకటే గేరు.

ఆ వరుసలో ఒకాయన వయసు ముప్ఫై తొమ్మిది. మిగతావాళ్లలో చాలామంది కుర్రాళ్లు. ఆయన పేరు మింగో సాండర్స్, హోదా సార్జెంట్. ఒక పేలుడులో దెబ్బతిని ఒక కంటికి చూపు దాదాపు పోయింది. ఒంటి కన్నుతో, తడి దిగుడులో, గోతులు చూసుకుంటూ నడపడం ఎలా ఉంటుందో ఒక కన్ను మూసుకుని మీ వీధిలో సైకిలు తొక్కి చూడండి. పగటిపూటే, ఎవరూ లేనప్పుడు.

ఈ మధ్య మన హైదరాబాదు, విశాఖ కుర్రాళ్లు శనివారం మధ్యాహ్నం సైకిలుకు సంచులు కట్టుకుని ఏ అడవంచునో ఒక రాత్రి పడుకుని ఆదివారం తిరిగొస్తున్నారు. దానికి బైక్‌ప్యాకింగ్ అని పేరు. ఫ్రేము నడుమ ఒక సంచి, హ్యాండిలుకు చుట్ట చుట్టిన పక్క, వీలైనంత తక్కువ బరువు. కొందరు మరీ పట్టుదలగా గేర్లు లేని కొండ సైకిలు మీదే వెళతారు. ఇదంతా కొత్త సరదా అనుకుంటాం. మోంటానాలో మిజూలా కోటలోని 25వ పదాతి దళం సైనికులు సరిగ్గా ఇలాగే సామాను కట్టి నూట పాతికేళ్లు దాటింది. ఫ్రేము త్రికోణంలో తోలు పెట్టె, హ్యాండిలు ముందు దుప్పటి చుట్ట. తేడా ఒక్కటే. వాళ్లు సరదాకు వెళ్లలేదు.

ఆ దళంలో సైనికులంతా నల్లజాతివాళ్లు, అధికారులు తెల్లవాళ్లు. అంతర్యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం అలా ప్రత్యేకంగా కొన్ని రెజిమెంట్లు ఏర్పాటు చేసింది. జనం వాళ్లను ‘బఫెలో సోల్జర్స్’ అనేవారు. సాండర్స్ 1858లో సౌత్ కరోలినాలో పుట్టాడు. ఆయన పుట్టేనాటికి అక్కడ మనిషిని కొనడం, అమ్మడం చట్టబద్ధం. 1881లో సైన్యంలో చేరాడు.

సైకిలు ఆలోచన మాత్రం లెఫ్టినెంట్ జేమ్స్ మాస్‌ది. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో 1894 తరగతిలో అందరికంటే ఆఖరున పాసయ్యాడు. ఆఖరువాడికి దూరపు కొలువు. అలా మోంటానా వచ్చిపడ్డాడు. అవి అమెరికా అంతా సైకిలు పిచ్చి పట్టిన రోజులు. గుర్రానికి దాణా కావాలి, నీళ్లు కావాలి, బెదిరితే పారిపోతుంది, రాత్రి సకిలించి శత్రువుకు జాడ చెబుతుంది. సైకిలుకు ఈ బెడద ఏదీ లేదు కదా అన్నది మాస్ వాదన. సైన్యాధిపతి జనరల్ నెల్సన్ మైల్స్‌కు ఇది నచ్చింది. సర్కారు అనుమతి ఇచ్చింది కానీ సైకిళ్లు కొనలేదు. స్పాల్డింగ్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. ప్రయోగం సైన్యానిది, ప్రచారం కంపెనీది, కాళ్లు వీళ్లవి.

మొదట 1896 ఆగస్టులో ఎనిమిది మందితో పరీక్ష పెట్టారు. మిజూలా నుంచి ఉత్తరాన మిషన్ పర్వతాల కింద ఉన్న మెక్‌డొనాల్డ్ సరస్సుకు వెళ్లి రావాలి. రానూపోనూ 126 మైళ్లు, అంటే రెండొందల కిలోమీటర్లు. ఆ నాలుగు రోజుల్లో పడాల్సినవన్నీ పడ్డారు: గాలి, వాన, బురద, పంక్చర్లు, ఊడిన చైన్లు, విరిగిన పెడలు. వాగులు అడ్డొస్తే సైకిలు మనిషిని మోయడం ఆగి మనిషే సైకిలును మోశాడు. తిరిగొచ్చి వారమైనా కాకముందే ఎల్లోస్టోన్ పార్కుకు బయల్దేరారు. అక్కడ సున్నపురాతి మెట్ల మీద సైకిళ్లతో వరుసగా నిలబడి దిగిన ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. చూడండి. ఆ ఫొటోలో ఒక్క మొహంలోనూ అలసట కనపడనివ్వలేదు వాళ్లు.

ఇక అసలు పరీక్ష 1897 జూన్ 14న. తెల్లవారి ఐదున్నరకు మిజూలా కోట నుంచి బయల్దేరారు. గమ్యం మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్, 1,900 మైళ్లు. మూడు వేల కిలోమీటర్ల పైమాటే. ఇరవై మంది సైనికులు, మాస్, జేమ్స్ కెన్నెడీ అనే డాక్టరు, ఎడ్వర్డ్ బూస్ అనే పందొమ్మిదేళ్ల విలేకరి. మొత్తం ఇరవై మూడు సైకిళ్లు.

ఇప్పుడు ఆ గుడారం సంగతి. ఒక్కొక్కరి దగ్గరా ఉన్నది సగం గుడారమే. ఒక గుడ్డ ముక్క, ఒక అర గుంజ. ఇద్దరు కలిసి తమ తమ సగాలను గుండీలు పెట్టి జోడిస్తే ఇద్దరు దూరే గూడు అవుతుంది. జోడీవాడు వెనకబడితే రెండోవాడికి నెత్తిన కప్పు లేదు. అంచేత వానలో ఎవడి దారిన వాడు ముందుకు పోవడం కుదరదు. ఈ ఏర్పాటు బరువు తగ్గించడానికి చేశారు. నాకు మాత్రం ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికంటే పదునైన వివరం ఇదే.

రాత్రి బస ఎలా ఉండేదో ఊహించుకోవడం కష్టం కాదు. తడిసిన కట్టెలు పొగ తప్ప మంట ఇవ్వవు. పంది మాంసం ముక్కలు, డబ్బా చిక్కుడు గింజలు, రొట్టె, కాఫీ. రెండు రోజుల తిండే సైకిలు మీద ఉంటుంది. తర్వాతి సరుకు వంద మైళ్లకొకచోట రైలు స్టేషన్లలో దించి ఉంచారు. అంటే ఆకలి వేసినచోట కాదు, డిపో ఉన్నచోట తినాలి. చక్రం పాడైతే ఆ లెక్క తప్పుతుంది, పస్తు మిగులుతుంది. ఆ చక్రాలు తిరిగేలా చూసే పూచీ ప్రైవేట్ జాన్ ఫిండ్లీది. సైన్యానికి ముందు షికాగోలో సైకిళ్ల కార్ఖానాలో పనిచేసినవాడు. మిగతావాళ్లు తమ సగాలకు గుండీలు పెట్టుకునే వేళకు అతడికి పని మొదలయ్యేది అనుకోవాలి: చువ్వలు బిగించడం, రిమ్ము సొట్టలు తీయడం, ట్యూబులకు అతుకులు వేయడం.

ఒంటి గేరు గురించి ఒక మాట. మా ఊళ్లో పాత సైకిళ్లు బాగుచేసే సాయిబుగారు ఉండేవారు. గేర్ల సైకిలు కొనిపెట్టమని నేను ఇంట్లో మారాం చేస్తున్న రోజుల్లో ఓసారి ఆయన్ని అడిగాను, “ఏది మంచిదండీ సాయిబుగారూ” అని. ఆయన చైనుకు నూనె వేస్తూ తలెత్తకుండానే, “గేర్లదైతే నా దగ్గరికి నెలకోసారి వస్తావు బాబూ. ఇదైతే ఏడాదికోసారి వస్తావు. నాకు లాభం గేర్లదే” అన్నారు. ఆ మాటలోని కిటుకు మాస్ దళానికి దారిలో తెలిసే ఉంటుంది. తిప్పాల్సిన మీటలు లేవు, పాడయ్యే పరికరం తక్కువ. కానీ ఆ సుఖం సైకిలుది. కష్టం మోకాళ్లది. చదును నేలకు సరిపోయిన గేరు కొండకు బరువవుతుంది. పైగా ఆ కాలపు సైకిళ్లలో చాలావాటికి ఫ్రీవీలు లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి. దిగుడులోనూ కాళ్లకు విశ్రాంతి లేదు. దిగుడులోనే అసలు ప్రమాదం.

కొండలు దాటాక మైదానం వచ్చింది, సుఖం రాలేదు. వ్యోమింగ్, నెబ్రాస్కాల్లో నీళ్లు చవుడు. తాగితే కడుపులో తిప్పుతుంది, తాగకపోతే నాలుక పిడచకడుతుంది. చాలామంది జబ్బుపడ్డారు. మాస్‌ను కూడా దారిలో వదిలి ముందుకు సాగాల్సి వచ్చింది. కొన్నాళ్లు డాక్టరే దళాన్ని నడిపించాడు. కోలుకున్నాక మాస్ వచ్చి కలుసుకున్నాడు.

తర్వాత నెబ్రాస్కా ఇసుక దిబ్బలు. దాదాపు 270 కిలోమీటర్ల ఇసుక. నీడలో 43 డిగ్రీల వేడి. బాట మీద చక్రం దిగబడుతుంది, తొక్కితే కూరుకుపోతుంది. అంచేత రైలు పట్టాలెక్కారు. పట్టాల మధ్య స్లీపరు దుంగలు. తొక్కితే దుంగ దుంగకూ వెన్నుపూస అదురుతుంది, తోస్తే చేతులు లాగేస్తాయి. ఎక్కువ భాగం తోస్తూనే నాలుగున్నర రోజులు నడిచారు. సైకిలు దండు అని పేరు, కాళ్ల మీద నడక. బందరు దగ్గర సముద్రపు ఇసుకలో సైకిలు తోసినవాళ్లకు వంద గజాలకే ఆయాసం వస్తుంది. అలాంటిది రోజుకు అరవై కిలోమీటర్లు, రైఫిలు వీపున పెట్టుకుని, కడుపులో చవుడు నీళ్లతో. చెట్టన్నది కంటికి ఆనని ఆ చోట రాత్రి పడుకున్నప్పుడు సగాలకు గుండీలు పెట్టే ఓపిక ఎందరికి మిగిలి ఉంటుంది? ఇసుక మీదే ఒరిగిపోయి ఉంటారు.

అంత జరిగినా దళం చెదిరిపోలేదు. జబ్బులు, గాయాలు, రైలెక్కించి వెనక్కి పంపినవాళ్లు లేకపోలేదు. వరుస మాత్రం నిలిచింది. ఇక్కడే నాకు మాస్ మీద కాస్త గౌరవం, కాస్త కోపం. గౌరవం దేనికంటే, తాను కూడా అదే సైకిలు తొక్కాడు, అదే నీళ్లు తాగాడు. కోపం దేనికంటే, చరిత్ర పుస్తకాల్లో ఇది ‘మాస్ ప్రయోగం’గానే మిగిలింది. ప్రయోగంలో ఎలుకలకు పేర్లుండవు.

మిస్సోరీ చేరేసరికి నేల మెత్తబడింది, మనుషులు గట్టిపడ్డారు. ఒకప్పుడు బానిసలున్న రాష్ట్రం అది. కొన్నిచోట్ల రైతులు తమ పొలంలో బస చేయనివ్వలేదు. దేశపు యూనిఫాం తొడుక్కున్నవాళ్లు దేశంలోనే ఒక రాత్రి తలదాచుకోవడానికి చోటు వెతుక్కున్నారు. రాకీ మంచులో, నెబ్రాస్కా ఇసుకలో దొరికిన చోటు ఇక్కడ దొరకలేదు.

జూలై 24న సెయింట్ లూయిస్ చేరారు. మొత్తం నలభై ఒక్క రోజులు. ఊరి సైకిలు సంఘాలవాళ్లు వందల మంది ఎదురొచ్చి ఫారెస్ట్ పార్కు దాకా ఊరేగింపుగా తీసుకెళ్లారు. జనం తండోపతండాలుగా చూడడానికి వచ్చారు. తిరుగు ప్రయాణం రైల్లో. మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో దాకా తొక్కుతామని మాస్ అడిగాడు, పైవాళ్లు వద్దన్నారు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది. సైకిళ్లు మూలపడ్డాయి. 25వ దళం క్యూబా వెళ్లి ఎల్ కానే దగ్గర పోరాడింది. సాండర్స్ అక్కడా ఉన్నాడు.

మాస్ కర్నల్ అయ్యాడు. సైనిక శిక్షణ మీద పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు. సాండర్స్ కథ మరో దారి పట్టింది.

1906 ఆగస్టు 13 రాత్రి టెక్సస్‌లోని బ్రౌన్స్‌విల్ ఊళ్లో కాల్పులు జరిగాయి. ఒకరు చనిపోయారు, ఒక పోలీసు అధికారి గాయపడ్డాడు. అక్కడికి కొత్తగా వచ్చిన 25వ దళం వాళ్లే కాల్చారని ఊరివాళ్లు అన్నారు. ఆ సమయంలో సైనికులు బారకాసుల్లోనే ఉన్నారని వాళ్ల తెల్ల అధికారులే చెప్పారు. దోషి ఎవరో తేలలేదు. పేరు చెప్పమంటే ఎవరూ చెప్పలేదు. లేని పేరు ఎక్కడి నుంచి తెస్తారు? నవంబరు ఎన్నికలు అయిపోయేదాకా ఆగి, అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ ఉత్తర్వు బయటపెట్టాడు. 167 మందిని విచారణ లేకుండా, గౌరవం లేకుండా సైన్యం నుంచి తీసేశారు. అందులో మింగో సాండర్స్ ఒకడు. పాతికేళ్ల కొలువు. పింఛనుకు రెండేళ్లు కూడా లేవు.

సాండర్స్ మళ్లీ చేర్చుకోమని అడిగాడు. చేర్చుకోలేదు. 1929లో చనిపోయాడు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో పాతిపెట్టారు.

1972లో అమెరికా సైన్యం ఆ పాత దస్త్రాలు తిరగేసి, ఆ 167 మంది నిర్దోషులని ప్రకటించి, వాళ్ల తొలగింపును గౌరవప్రదమైన విడుదలగా మార్చింది. ఆ మాట వినడానికి బతికి ఉన్న బహు కొద్దిమందిలో ఒకడు డోర్సీ విల్లిస్. వయసు ఎనభై ఆరేళ్లు దాటింది. మిన్నియాపొలిస్‌లో ఊడ్చే పని, బూట్లకు పాలిష్ పెట్టే పని చేస్తూ వచ్చాడు. ఆయనకు 25,000 డాలర్లు ఇచ్చారు. సాండర్స్ పోయి అప్పటికి నలభై మూడేళ్లు.