గ్రాహకం నుంచి పరంపరకు: రాబర్ట్ లెఫ్కోవిట్జ్ పరిశోధన, శిష్యశిక్షణ

ఉపోద్ఘాతం

భయం కలిగినప్పుడు గుండె వేగంగా కొట్టుకోవడానికి అడ్రినలిన్ కారణమని 20వ శతాబ్దం తొలినాళ్ళకే శాస్త్రవేత్తలకు తెలుసు. అయితే రక్తంలోని ఆ అణువు కణంలోకి ప్రవేశించకుండానే కణం చేత పని ఎలా చేయిస్తున్నదో తేలడానికి అనేక దశాబ్దాలు పట్టింది. దీనికి అణుస్థాయిలో సమాధానం చెప్పినవారిలో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ లెఫ్కోవిట్జ్ ప్రముఖులు. ఆయన కృషిని ఆవిష్కరణల పట్టికగా చెప్పడం పరిపాటి. ఆ ఆవిష్కరణలు ఎవరి చేతుల మీదుగా జరిగాయో, ఆ తర్వాత వారు ఏ పనిని వెంట తీసుకువెళ్ళారో గమనిస్తే, పరిశోధన పర్యవేక్షణ కూడా పరిశోధన పద్ధతిలో భాగమేనని తెలుస్తుంది. ఈ అంశాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం

మందులను, దేహంలోని రసాయనాలను గ్రహించే పదార్థం ఒకటి కణాలలో ఉండాలని ఇంగ్లండులో జాన్ లాంగ్లీ 1905లో ప్రతిపాదించారు. అడ్రినలిన్ గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలని 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ సూచించారు. కణం లోపల సందేశాన్ని మోసే సైక్లిక్ ఏ.ఎం.పి.ని కనుగొన్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి లభించింది. ఈ అణువు ఏ.టి.పి. నుంచి తయారవుతుంది. 1929లో ఏ.టి.పి.ని గుర్తించినవారిలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆ విధంగా ఈ చరిత్రలో తెలుగువారికీ చోటుంది.

బయటి హార్మోనూ లోపలి సందేశవాహకమూ తెలిసినా, మధ్యనున్న అడ్రినలిన్ గ్రాహకాన్ని ఎవరూ వేరుచేసి చూపలేదు. అది నిజమైన పదార్థమా, వివరణ కోసం కల్పించుకొన్న భావనా అన్న సందేహం 1970ల వరకు కొనసాగింది.

అనుకోని ప్రవేశం

1943లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో జన్మించిన లెఫ్కోవిట్జ్ ఆశయం వైద్యవృత్తి. 1966లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి వైద్యపట్టా పొందారు. అది వియత్నాం యుద్ధకాలం. యువవైద్యులను సైన్యంలోకి తీసుకొంటున్న రోజులు. సైన్యానికి బదులుగా ప్రజారోగ్య సేవావిభాగాన్ని ఎంచుకొని, 1968లో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలలో చేరారు. అక్కడ జెస్సీ రాత్, ఐరా పాస్టన్ ఆయనకు మార్గదర్శకులు. ఒక హార్మోనుకు రేడియోధార్మిక అయోడిన్‌ను జతచేసి, అది అడ్రినల్ గ్రంథిలోని గ్రాహకాన్ని అంటిపెట్టుకోవడం చూపాలన్నది వారు అప్పగించిన పని. ఏడాదికి పైగా ప్రయోగాలు ఫలించలేదు. పరిశోధన విడిచి వైద్యానికి తిరిగి వెళ్ళాలని ఆయన ఆలోచించారు. చివరికి ఫలితం దక్కి, 1970లో ప్రచురితమైంది. ఆ తర్వాత బోస్టన్‌లో వైద్యశిక్షణకు వెళ్ళినా, ప్రయోగశాల లేని లోటు ఆయనను మళ్ళీ పరిశోధనవైపే నడిపింది.

పంచుకొన్న సమస్య

1973లో లెఫ్కోవిట్జ్ ఉత్తర కరొలైనాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ప్రయోగశాల నెలకొల్పారు. బీటా గ్రాహకాన్ని అంటుకొనే ఆల్ప్రెనొలాల్ అనే మందుకు రేడియోధార్మిక గుర్తు పెట్టి, గ్రాహకాన్ని పసిగట్టే పద్ధతిని సాధించారు. తర్వాతి పని దానిని శుద్ధి చేయడం. కణంలో గ్రాహకం అత్యల్పంగా ఉండడం వల్ల దాదాపు 1,00,000 రెట్లు శుద్ధి చేయవలసి వచ్చింది. అనేక సంవత్సరాలు పట్టిన ఈ కృషిలో మార్క్ కారన్ ముఖ్య భాగస్వామి. ఆయన మొదట లెఫ్కోవిట్జ్ వద్ద శిక్షణ పొంది, తర్వాత డ్యూక్‌లోనే సహాచార్యులయ్యారు.

ఇక్కడినుంచి సమస్య శాఖలుగా విస్తరించింది. అడ్రినలిన్ ఎంతసేపు ఉన్నా కణం కొంతసేపటికి స్పందించడం ఎందుకు తగ్గిస్తుందన్నది ఒక శాఖ. గ్రాహకానికి ఫాస్ఫేటును చేర్చే ఎంజైమును ఈ దారిలో గుర్తించినవారు విద్యార్థి జెఫ్రీ బెనోవిక్. సంకేతాన్ని ఆపే బీటా అరెస్టిన్ జన్యువును 1990లో వెలుగులోకి తెచ్చిన బృందానికి ముందు నిలిచినవారు జర్మనీ నుంచి వచ్చిన మార్టిన్ లోసే.

గ్రాహకం జన్యువు మరొక శాఖ. 1984లో చేరిన బ్రయన్ కోబిల్కా ఈ పనిని చేపట్టారు. ఆర్.ఎన్.ఏ. ప్రతుల ఆధారంగా వెతికే మామూలు దారి కుదరనప్పుడు, ఆయన క్రోమోజోముల డి.ఎన్.ఏ. ఖండాలలో వెతకడం ప్రారంభించారు. 1986లో మెర్క్ సంస్థ శాస్త్రవేత్తల సహకారంతో జన్యువు దొరికింది. దాని నిర్మాణం కంటిలో వెలుగును గ్రహించే రొడాప్సిన్‌ను పోలి ఉంది. రెండూ కణత్వచాన్ని ఏడుసార్లు దాటుతాయి. గుండెకూ కంటికీ సంబంధించిన ప్రోటీన్లు ఒకే కుటుంబానివని ఆ పోలిక తెలిపింది. మనిషిలో ఈ కుటుంబ సభ్యులు దాదాపు 800 ఉన్నట్లు తర్వాత తేలింది. నేటి మందులలో సుమారు మూడోవంతు వీటిపైనే పనిచేస్తాయి.

వెంట తీసుకువెళ్ళిన ప్రశ్న

1989లో కోబిల్కా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్తూ గ్రాహకం త్రిమితీయ రూపం అనే ప్రశ్నను తన సొంతం చేసుకొన్నారు. గురువు ప్రయోగశాలలో స్ఫటికాల అధ్యయనం జరగలేదు. కనుక శిష్యుడు నేర్చిన పనినే మరొకచోట కొనసాగించినట్లు కాదు. దాదాపు రెండు దశాబ్దాల శ్రమ తర్వాత 2007లో బీటా గ్రాహకం రూపం, 2011లో జి-ప్రోటీనుతో కూడి పనిచేస్తున్న స్థితిలో దాని రూపం వెల్లడయ్యాయి. 2012లో గురుశిష్యులిద్దరూ రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

ఈ బహుమతి ఒక విభాగంలో ముగ్గురికి మించి దక్కదు. కారన్, బెనోవిక్, లోసే వంటివారి కృషి అందులో పేరుగా కనిపించదు. బహుమతుల ఆధారంగా రాసే శాస్త్రచరిత్రకు ఉన్న పరిమితి ఇదే. లెఫ్కోవిట్జ్ వద్ద శిక్షణ పొందినవారు 200 మందికి పైగా ఉన్నారు. ఈ సంఖ్యను గొప్పగా చెప్పుకోవడం సులభం. సంఖ్య ఒక్కటే అయితే అది పెద్ద ప్రయోగశాల అన్న విషయాన్ని మాత్రమే తెలుపుతుంది. ఒకే సమస్యలోని వేర్వేరు భాగాలు వేర్వేరు వ్యక్తులకు దక్కడం, వారిలో కొందరు ఆ భాగాన్నే జీవితకాల కృషిగా మలచుకోవడం ఇక్కడి విశేషం.

ముగింపు

పాస్టన్, రాత్ వద్ద విఫలమైన ఏడాది లెఫ్కోవిట్జ్‌కు గ్రాహకం అనే ప్రశ్నను ఇచ్చింది. ఆ ప్రశ్నను ఆయన తన శిష్యులకు ఖండాలుగా పంచారు. వారిలో ఒకరు దానిని గురువు ప్రయోగశాల చేరని చోటుకు తీసుకువెళ్ళారు. పర్యవేక్షకుడి కృషిని డాక్టరేట్ల సంఖ్యతో, ఉమ్మడి పత్రాల సంఖ్యతో కొలిచే అలవాటు అన్ని శాస్త్రాలలోనూ, భాషాసాహిత్య శాఖలలోనూ ఉంది. ఆ కొలతలకు అందని విషయం ఒకటి ఈ చరిత్రలో కనిపిస్తుంది. పట్టా తీసుకొని వెళ్ళే విద్యార్థి వెంట, పర్యవేక్షకుడు తిరిగి అడగని ఒక సమస్య కూడా వెళ్ళాలి. అది వెళ్ళిందా లేదా అన్నది తేలడానికి కోబిల్కా విషయంలో 18 సంవత్సరాలు పట్టింది.